రాగి నాణెమునకు సత్యము నొసంగిన మాథ్యూ బౌల్టన్

ఆవిరియంత్రమను మాట వినినంతనే జేమ్సు వాట్టు పేరు మన పాఠశాలలోని చిన్న తరగతుల బాలురకును నోటికి వచ్చును. ఆ వాట్టునకు ధనమిచ్చి, ధైర్యమిచ్చి, అతని యంత్రమును లోకోపయోగమునకు దెచ్చిన భాగస్వామి మాథ్యూ బౌల్టన్ అని యెఱిగినవారు కొందఱే. ఆ బౌల్టన్ కర్మశాలలో ముద్రింపబడిన రాగి నాణెములు మన ఉత్తర సర్కారుల గ్రామములలో తరతరములుగా చేతులు మారెనని యెఱిగినవారు మఱియు తక్కువ. మా విద్యార్థులు అప్పుడప్పుడు తాతముత్తాతల పెట్టెలలో దొరకిన పాత రాగి నాణెములను దెచ్చి, ఇవి ఎవరివి, ఏ కాలమునాటివి, వీనికి వెల యెంత అని అడుగుచుందురు. వెల సంగతి తరువాత చెప్పుదుము. ముందుగా ఆ నాణెములను ముద్రించిన మనుష్యుని చరిత్రము తెలిసికొనుట మేలు. ఏలయన, ఆయన కథ తెలిసినవానికి నాణెమే తన సంగతి తాను చెప్పుకొనును.

మాథ్యూ బౌల్టన్ 1728వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇంగ్లండునందలి బర్మింగుహాము పట్టణమున జన్మించెను. తండ్రి పేరును మాథ్యూ బౌల్టనే. ఆయన గుండీలు, పట్టీబిళ్లలు మొదలగు చిన్న లోహవస్తువులను చేయించి అమ్మెడి వర్తకుడు. బాలుడు పదునైదవ యేటివఱకు ఊరి పాఠశాలలో చదివి, పిమ్మట తండ్రి కర్మశాలలో చేరెను. విశ్వవిద్యాలయమును చూడలేదు. అయినను పదునేడేండ్లు నిండునప్పటికే బిళ్లలలో రంగుల మీనాపని పొదుగుటకు క్రొత్త విధానమొకటి కల్పించెనని చెప్పుదురు. చేతిపనిని నీచముగా నెంచక, పుస్తకవిద్యను చేతిపనికి జోడించిన వారిలో ఆయన యొకడు.

ఆయన గృహజీవితము సుఖమయమైనది కాదు. 1749లో మేరీ రాబిన్సను అను యువతిని వివాహమాడెను. వారికి కలిగిన ముగ్గురు ఆడుబిడ్డలును శైశవమందే మరణించిరి. 1759లో భార్యయు గతించెను. మఱుసటి సంవత్సరము ఆమె చెల్లెలగు ఆనును పెండ్లాడెను. మరణించిన భార్య సోదరిని వివాహమాడుట ఆంగ్ల సంఘపు నియమములకు విరుద్ధము గనుక, ఆ వివాహమును గూర్చి బంధువులు అభ్యంతరము చెప్పిరి. ఆనువలన ఆయనకు ఒక కుమార్తెయు ఒక కుమారుడును కలిగిరి. 1783లో ఆ రెండవ భార్యయు ఇంటి సమీపమందలి కొలనులో పడి మరణించెను. ఇన్ని దెబ్బలు తిన్నను ఆయన పని మానలేదు.

1761లో బౌల్టన్ బర్మింగుహామునకు రెండు మైళ్ల దూరమున, సోహో అను చోట, నీటిమరతో కూడిన భూమిని కౌలునకు తీసికొనెను. 1766 నాటికి అచట పెద్ద కర్మశాల వెలసెను. అందులో వెండిపాత్రలు, దీపస్తంభములు, గడియారపు గూళ్లు, గుండీలు తయారగుచుండెను. దేశదేశములనుండి ప్రభువులును పండితులును ఆ కర్మశాలను చూడవచ్చుచుండిరి. వస్తువు అందముగనే యుండెను గాని లాభము చాలదయ్యెను. భార్యలవలన వచ్చిన ఆస్తిలో కొంతభాగమును అమ్మియు, అప్పులు చేసియు ఆయన కర్మశాలను నిలుపుకొనెను. పనివారు వ్యాధిగ్రస్తులైనను గాయపడినను ఆదుకొనుటకు సోహోలో ఒక సహాయనిధి యేర్పఱచబడెను. పనివారు తమ వేతనములో అఱువదవ వంతునకు మించకుండ దానికి చెల్లించి, రోగకాలమున దానినుండి సాయము పొందుచుండిరి. ఆ కాలమున అట్టి ఏర్పాట్లు అరుదు.

అప్పటి బర్మింగుహామునకు ఒక అపకీర్తి యుండెను. ఆ యూరి సరకనిన పైకి మెఱుగు, లోన బోలు అని ఇంగ్లండంతట వాడుక. అంతకంటె అవమానకరమైన విషయమేమనగా, దొంగనాణెములు చేయువారికి ఆ పట్టణము ప్రసిద్ధమైన ఉనికిపట్టు. బౌల్టన్ తన యూరి పేరును బాగుచేయ నిశ్చయించుకొనెను. వెండిపాత్రలకు పరీక్షాముద్ర వేయించుటకు ఆయన డెబ్బది మైళ్లకు పైబడిన దూరమున నున్న చెస్టరునకు సరకు పంపవలసివచ్చుచుండెను. దారిలో పాత్రలు నలుగుచుండెను. ఆయన పార్లమెంటునకు విన్నపములు చేసి, లండను కంసాలుల ప్రతిఘటన నెదుర్కొని, 1773లో బర్మింగుహామునకు సొంత పరీక్షాశాలను సంపాదించెను. ఆ పరీక్షాశాల గుర్తు లంగరు. వెండిలో కల్తీ లేదని అన్యులచేత పరీక్షింపించుకొని ముద్ర వేయించుకొనుట ఆయన స్వభావమును తెలుపుచున్నది. తన మాటను నమ్ముడని ఆయన కోరలేదు, తన సరకును పరీక్షింపుడని కోరెను.

జేమ్సు వాట్టు స్కాట్లండు దేశస్థుడు. ఆవిరియంత్రమున ఆయన కల్పించిన మార్పులు గొప్పవే గాని, వానిని పూర్తిచేయుటకు ధనమును లేదు, తగిన పనివారును లేరు. ఆయనకు తోడ్పడిన రోబక్కు అను వర్తకుడు దివాలా తీయగా, 1773లో ఆ హక్కులలోని భాగము బౌల్టన్ చేతికి వచ్చెను. 1775లో బౌల్టన్, వాట్టు ఇరువదియైదేండ్ల భాగస్వామ్యమునకు ఒడంబడిరి. వాట్టు స్వభావముచేత దిగులుపడువాడు. బౌల్టన్ ఉత్సాహవంతుడు. కార్న్‌వాల్ సీమలోని రాగిగనులలో నీరు తోడుటకు వారి యంత్రములు నిలుపబడెను. పాత యంత్రముకంటె బొగ్గు ఎంత ఆదా అగునో దానిలో మూడవవంతు తమకీయవలెనని వారి షరతు. ఈ వ్యవహారము మూలమున బౌల్టన్‌కు రాగివ్యాపారముతో గాఢసంబంధము కలిగెను. తాను భాగములు కొనిన గనులలో రాగి పోగుపడుచుండెను. దానికి క్రొత్త వినియోగమును వెదకవలసివచ్చెను. ఆయన నాణెముల పనికి పూనుకొనుటలో ఈ స్వార్థమును కొంత యుండెనని దాచక చెప్పవలెను.

బౌల్టన్ స్నేహితులును ఆయనవంటివారే. ఎరాస్మసు డార్విను, జోసయా వెడ్జివుడ్డు, జోసెఫు ప్రీస్ట్లీ మొదలగు పండితులు నెలకొకమాఱు పున్నమినాటి సమీపమున కూడి, శాస్త్రవిషయములను ముచ్చటించుచుండిరి. రాత్రివేళ వెన్నెలలో ఇండ్లకు మరలుట సుకరమని పున్నమిని ఎంచుకొనిరి గనుక ఆ కూటమునకు చంద్రసంఘమను పేరు వచ్చెను.

ఇక ఆ కాలపు రాగి నాణెముల దుస్థితిని చెప్పవలెను. ప్రభుత్వపు టంకశాలవారు బంగారమును వెండిని ముద్రించుట గౌరవమనియు, రాగి తమ ఘనతకు తగదనియు తలంచిరి. 1775 తరువాత వారు రాగి ముద్రించుటే మానిరి. చిల్లర లేక జనులు ఇబ్బందిపడుచుండగా, దొంగనాణెములు ఆ లోటును పూరించెను. 1787లో టంకశాలవారు పరీక్షింపగా, చెలామణిలోనున్న రాగి నాణెములలో నూటికి ఎనిమిదింటికి మాత్రమే ప్రభుత్వపు నాణెములతో ఏమాత్రమైన పోలిక యుండెనట. కొందఱు యజమానులు దొంగరాగిని తక్కువ వెలకు కొని, దానినే పూర్తి వెలకు లెక్కగట్టి పనివారికి కూలి యిచ్చుచుండిరి. పనివాడు అంగడికి పోగా అంగడివాడు ఆ నాణెమును త్రోసివేయుచుండెను. ధనికుడు బంగారముతో వ్యవహరించును గనుక వానికి నష్టము లేదు. దినమంతయు కష్టపడి సాయంకాలము రొట్టెముక్క కొనుక్కొనువాడే నష్టపోవుచుండెను. సువార్తలోని బీద విధవరాలి కానుక రెండు చిన్న నాణెములే గదా. బీదవాని సర్వస్వమును చిన్న నాణెములోనే యుండును. దానిలో మోసముచేసినవాడు బీదవాని అన్నములో మోసముచేసినవాడగును.

బౌల్టన్ ఈ వ్యాధికి మందు శిక్షలలో లేదనియు, పనితనములో నున్నదనియు గ్రహించెను. దొంగనాణెము చెలామణి యగుటకు కారణము మంచి నాణెము అధ్వానముగా నుండుటయే. చేతితో త్రిప్పెడి మరలో ముద్రించిన నాణెములు ఒకదానివలె నొకటి యుండవు. గుండ్రము సరిగా నుండదు, మందము సరిగా నుండదు, తూనిక సరిగా నుండదు. అట్టిదానిని అనుకరించుట ఎవనికైనను సులభమే. అన్నియు ఒక్క పరిమాణము, ఒక్క తూనిక, ఒక్క మందము గలవిగా ముద్రింపగలిగినచో, అనుకరణము వెంటనే బయటపడును. నాణెపు తూనిక దాని వెలకు దగ్గఱగా నున్నచో, దొంగకు లాభమే మిగులదు. ఇదియే ఆయన యుపాయము.

1786లో సుమత్రా ద్వీపమందలి బెంకూలెను స్థావరము కొఱకు ఈస్టిండియా కుంఫిణీవారికి రాగి నాణెములు చేసియిచ్చుటతో ఆయన ఈ పనిలో ప్రవేశించెను. 1788లో సోహోలో సొంత టంకశాలను కట్టెను. అందులో ఎనిమిది ముద్రణయంత్రములు ఆవిరిశక్తిచేత నడుచుచుండెను. ఒక్కొక్కటి నిమిషమునకు 70 మొదలు 84 వఱకు నాణెములను ముద్రించుచుండెను. రాగిరేకు ఉక్కు రోలర్ల నడుమ సమానమైన మందమునకు సాగదీయబడును. దానినుండి బిళ్లలు కోయబడును. ముద్రించునప్పుడు బిళ్ల చుట్టును ఒక ఉక్కు కంకణము బిగియుండుటచేత లోహము ఇష్టము వచ్చినట్లు ప్రక్కలకు ప్రాకక, నాణెము కచ్చితమైన గుండ్రమును పొందును. 1790లో ఈ యంత్రవిధానమునకు ఆయన హక్కుపత్రము పొందెను. ఫ్రాన్సునుండి డ్రోజు అను శిల్పిని రప్పించెను గాని, అతనితో చాల కలహములు పడి ధనము పోగొట్టుకొనెను. తరువాత క్యూహ్లరు అను జర్మను శిల్పి వచ్చి ఆ లోటు తీర్చెను.

అన్నియు సిద్ధమైనవి గాని ఇంగ్లండు ప్రభుత్వము ఆజ్ఞ యీయలేదు. 1787, 1788 సంవత్సరములలో మంత్రాలోచనసభ ఆయన సలహాల నడిగి ఊరకుండెను. అటుపిమ్మట పదేండ్లవఱకు ఆయన యంత్రములు స్వదేశపు రాజుకొఱకు ఒక్క కాసునైనను ముద్రింపలేదు. ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండక, ఇతరులకొఱకు ముద్రించుచు వచ్చెను. ఫ్రాన్సునందలి మొన్నెరను సోదరులకును, ఆఫ్రికాలో విముక్తులైన నీగ్రోలకొఱకు స్థాపింపబడిన సియెర్రాలియోను సంఘమునకును నాణెములు చేసెను. 1791వ సంవత్సరపు ఆ సియెర్రాలియోను నాణెముపై రెండు చేతులు కలిసికొనుచున్నట్లు ముద్రింపబడినవి. ఆయన యంత్రములే తరువాత పశ్చిమ ఇండియా దీవులలో బానిసలచేత పనిచేయించెడి చెఱకుతోటలకును అమ్మబడెనను సంగతియు చరిత్రలో నున్నది. మానవుని జీవితములో వెలుగును నీడయు ప్రక్కప్రక్కనే యుండును. మేము నీడను దాచము.

ఆ నిరీక్షణకాలమందే మనదేశమునకు సంబంధించిన నాణెములు వెలువడెను. బొంబాయి రాజధానికొఱకు 1791లో ముద్రింపబడినదానిపై ఒక ప్రక్క కుంఫిణీవారి మూటగుర్తును, మఱొక ప్రక్క త్రాసును, త్రాసు తట్టల నడుమ న్యాయమను అర్థమిచ్చు పారసీ అక్షరములును ఉండెను. 1794లో మన ఉత్తర సర్కారులకొఱకు రాగి నాణెములు సోహోలో ముద్రింపబడెను. గంజాము మొదలు గుంటూరు వఱకు గల ఈ సముద్రతీరప్రాంతమునకే ఉత్తర సర్కారులని పేరు. పూర్వము విశాఖపట్టణ మండలమునకు చేరియుండి, 2022లో అనకాపల్లి జిల్లాలో కలిసిన మన చోడవరమును దానిలోనిదే. ఆ నాణెముపై ఒక ప్రక్క హృదయాకారమైన మూటగుర్తు, దానిలో కుంఫిణీ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరములు, మీద నాలుగు అంకెవంటి గీత యుండును. ఇట్టివి 48 కూడిన ఒక రూపాయి అని ఇంగ్లీషున వ్రాసియుండును. రెండవ ప్రక్క కుంఫిణీవారి బిరుదుచిహ్నమును, ఇంగ్లండు రాజుయొక్కయు సభయొక్కయు అనుగ్రహమున అను అర్థముగల లాటిను వాక్యమును ఉండును. దీనిలో సగము విలువగల నాణెము 96 కూడిన రూపాయి. 1797 సంవత్సరము ముద్రగలవియు ఉన్నవి. మన భాషలో డబ్బు అనునది మొదట ఇట్టి రాగి నాణెమునకే పేరు. నేడు సమస్తధనమునకును ఆ పేరే వాడుచున్నాము.

ఈ 1794వ సంవత్సరమును మన విద్యార్థులు మఱొక కారణముచేతను జ్ఞాపకముంచుకొనవలెను. ఆ సంవత్సరము జూలై 10వ తేదీన భీమునిపట్టణ ప్రాంతమందలి పద్మనాభమున, పేష్కషు బాకీల తగవులో కుంఫిణీ సైన్యము విజయనగర ప్రభువైన చినవిజయరామరాజుగారితో యుద్ధము చేసెను. రాజుగారును ఆయన అనుచరులు అనేకులును ఆ రణరంగమున కూలిరి. రాగి నాణెముపై తూనిక సరిగనే యున్నది. అది వచ్చిన చేయి మాత్రము సరిగా నుండెనని ఆ నాణెము సాక్ష్యమీయజాలదు. నిజమైన నాణెమును ముద్రించుట శిల్పి ధర్మము. దానిని న్యాయముగా గైకొని న్యాయముగా నిచ్చుట పాలకుని ధర్మము. మొదటిదానిని బౌల్టన్ నెఱవేర్చెను. రెండవదానిని కుంఫిణీవారు నెఱవేర్చిరా యని చరిత్ర చదివెడివారు తామే నిర్ణయించుకొనవలెను.

1797లో ఫ్రాన్సుతోడి యుద్ధమువలన ఇంగ్లండులో బంగారము కఱవయ్యెను. చిల్లర నాణెముల అవసరము అత్యంతమాయెను. అప్పుడు ప్రభుత్వము బౌల్టన్‌ను పిలిచి 500 టన్నుల రాగిని ముద్రింప నాజ్ఞాపించెను. అందులో 480 టన్నులు పెన్నీలు, 20 టన్నులు రెండుపెన్నీల నాణెములు. పెన్నీ తూనిక సరిగా ఒక ఔన్సు, రెండుపెన్నీల తూనిక రెండు ఔన్సులు. లెక్క వేసికొనుడు: పౌనునకు పదియారు ఔన్సులు, టన్నునకు 2,240 పౌనులు. ఆ లెక్కను పెన్నీలే ఒక కోటి డెబ్బది రెండు లక్షలకు పైబడును. తరువాతను క్రొత్త ఆజ్ఞలు వచ్చెను. నాణెపు వెలుపలి అంచు వెడల్పుగా ఎత్తుగా నుండి, బండిచక్రపు పట్టాను పోలియుండెను గనుక జనులు దానిని బండిచక్రపు పెన్నీ యనిరి. అంగళ్లలో దానిని తూనికరాయిగను వాడుకొనిరి. నాణెమే త్రాసుకు రాయి యగుట అంతకంటె ఘనమైన యోగ్యతాపత్రమేమున్నది? సామెతల గ్రంథములో తప్పు త్రాసును గూర్చియు సరియైన గుండును గూర్చియు చెప్పబడిన బోధ ఒక కర్మశాలలో రాగిరూపము దాల్చెనని మాకు తోచుచున్నది.

ఆ నాణెమునకు బరువే దోషమయ్యెను. జేబులో నాలుగు వేసికొనినచో బట్ట చినుగునంతటి బరువు. రాగివెల పెరుగగా, వెలకంటె లోహమే ఎక్కువ విలువగలదై, కొందఱు వానిని కరగింపసాగిరి. అందుచేత 1799లో ముద్రింపబడిన అరపెన్నీలు పౌనునకు 36గాను, 1806, 1807 సంవత్సరముల పెన్నీలు పౌనునకు 24గాను తేలికచేయబడెను. చెన్నపురి రాజధానికొఱకు 1803లోను 1808లోను పది కాసుల, ఇరువది కాసుల నాణెములు సోహోనుండి వచ్చెను. వానిపై ఒక ప్రక్క కుంఫిణీ చిహ్నమును, రెండవ ప్రక్క పారసీ అక్షరములును, క్రింద రోమను అంకెలలో కాసుల లెక్కయు ఉండును. 1808వ సంవత్సరపు నాణెములను నలువది టన్నులకు పైగా పీపాలలో నింపుకొని అడ్మిరలు గార్డెనరు అను ఓడ చెన్నపట్టణమునకు బయలుదేరి, 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే గుడ్విను ఇసుకతిప్పలపై పగిలిపోయెను. నూటడెబ్బది యేండ్లు ఇసుకలో పడియుండిన ఆ నాణెములు 1980 తరువాత లక్షలకొలది వెలికిదీయబడి, నేడు సేకరణకారుల చేతులలో నున్నవి. మన కూలివారి చేతులకు చేరవలసిన కాసులు ఇట్లు సముద్రమునకు చేరెను.

ముసలితనమున బౌల్టన్ మూత్రాశయవ్యాధిచేత చాల బాధపడెను. అయినను రష్యా దేశపు టంకశాలకును, లండనులో క్రొత్తగా కట్టబడుచుండిన ప్రభుత్వపు టంకశాలకును యంత్రములను సిద్ధపఱచెను. రాగిని హీనముగా చూచిన ఆ టంకశాలయే తుదకు ఆయన యంత్రములను స్వీకరించెను. అది పూర్తిగా పనిచేయుట చూడకయే 1809 ఆగస్టు 17వ తేదీన తన ఎనుబదవ యేట సోహోలోని తన గృహమున ప్రాణము విడిచెను. హ్యాండ్స్‌వర్తు గ్రామమందలి సెయింటు మేరీ దేవాలయమున ఆయన సమాధి యున్నది. 1850లో సోహో టంకశాల వేలము వేయబడగా, దాని యంత్రములను కొనిన హీటను అను బర్మింగుహాము వర్తకుడు ఆ పనిని కొనసాగించెను. 2011లో ఇంగ్లండు బ్యాంకువారు ఏబది పౌనుల నోటుపై బౌల్టన్, వాట్టు ఇరువురి చిత్రములను ముద్రించిరి. ఆ నోటు 2022లో చెలామణినుండి తీసివేయబడెను. ఆయన గృహము ఇప్పుడు వస్తుప్రదర్శనశాలగా నున్నది.

ఇక మొదట చెప్పిన ప్రశ్నకు వత్తము. పాత బ్రిటిషు రాగి నాణెమును గుర్తించుట ఎట్లు? బౌల్టన్ నాణెమును దొంగలనుండి కాపాడుటకు ఏ గుణములను కల్పించెనో, ఆ గుణములే నేటి సేకరణకారునికి గుర్తులు. మొదట తూనిక చూడవలెను. బండిచక్రపు పెన్నీ అరిగిపోనిచో 28 గ్రాములకు పైగా తూగును, దాని అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు. రెండుపెన్నీలది దాని రెట్టింపు తూనిక, 41 మిల్లీమీటర్ల అడ్డుకొలత. రెండవది అక్షరములు. ఈ 1797 నాణెములలో రాజు పేరు ఎత్తుగా కాక, వెడల్పైన అంచులో లోపలికి చెక్కినట్లుండును. మూడవది చిన్న గుర్తులు. రాజు భుజము క్రింద శిల్పి క్యూహ్లరు పేరులోని మొదటి అక్షరమును, బ్రిటానియా దేవి డాలు దగ్గఱ సోహో అను పేరును భూతద్దముతో వెదకవలెను. నాలుగవది ప్రక్క అంచు. బండిచక్రపు నాణెములకు అది నున్నగా నుండును. 1799, 1806, 1807 నాణెములకు నడుమ గాడివలె వాలుగీతలుండును. అయిదవది అయస్కాంతము. రాగి అయస్కాంతమునకు అంటదు. అంటినయెడల అది పైపూత వేసిన ఇనుము.

పాతదైనంతమాత్రమున అరుదైనది కాదు. కోట్లకొలది ముద్రింపబడిన పెన్నీ అరిగిపోయినచో స్వల్పమైన వెలకే దొరకును. 1797 సంవత్సరపు బండిచక్రపు అచ్చులో అరపెన్నీ, పావుపెన్నీ మాత్రము నమూనాలుగానే చేయబడినవి గనుక నిజముగా అరుదు. సోహో మూతపడిన పిమ్మట దాని అచ్చులను లండనులో టేలరు అను శిల్పి సంపాదించి మరల కొన్ని నాణెములను ముద్రించెను. తుప్పుపట్టిన అచ్చుల మచ్చలు వానిపై చుక్కలవలె కనబడుట కలదు. కుంఫిణీ నాణెములన్నియు సోహోవి యనుకొనరాదు. 1807 ప్రాంతమున చెన్నపట్టణపు టంకశాలలోనే తెలుగు తమిళ అక్షరములతో రాగి డబ్బులు ముద్రింపబడెను. మఱొక హెచ్చరిక: ఇంటిలో దొరకిన నాణెమును చింతపండుతోను బూడిదతోను తోమకుడు. రెండువందల యేండ్ల రంగు ఒక్క నిమిషములో పోవును, దానితోకూడ దాని విలువయు పోవును. భూమిలో త్రవ్వకములలో నిధిగా దొరకినచో, 1878 నాటి నిధుల చట్టము ననుసరించి కలెక్టరుగారికి తెలుపవలెను.

తలిదండ్రులకు మా మనవి వేఱొకటి యున్నది. దేవతామూర్తులును 1818 సంవత్సరమును అర్ధణా అను ఇంగ్లీషు మాటయు గల రాగిబిళ్లలను కుంఫిణీ నాణెములని చెప్పి అమ్మువారు సంతలలో తిరుగుచుందురు. అవి కుంఫిణీ టంకశాలలలో పుట్టినవి కావు. అంతకంటె ప్రమాదకరమైనది, రాగి నాణెము బియ్యపుగింజలను లాగుననియు, దానిని విదేశీయులు కోట్లకు కొందురనియు చెప్పెడి రైసు పుల్లింగు మోసము. మన రాష్ట్రములో దీనివలన పొలములమ్ముకొనినవారును, అప్పులపాలైనవారును కలరు. రాగి ఏ కాలపుదైనను గింజను లాగజాలదు. ఆశయే మనుష్యుని లాగును. బౌల్టన్ కాలమున దొంగనాణెము కూలివాని రొట్టెను దోచినట్లే, ఈ కాలమున దొంగకథ రైతు పొలమును దోచుచున్నది. ఆ దొంగకు ఆయన కనుగొనిన మందే దీనికిని మందు. తూచి చూడుడు, కొలిచి చూడుడు, వ్రాతను చదువుడు, పరీక్షకు భయపడువానిని నమ్మకుడు.

బౌల్టన్ మహాత్ముడని మేము చెప్పము. ఆయన లాభము కోరిన వర్తకుడు. పేరును ప్రఖ్యాతిని ప్రేమించినవాడు. కాని లాభముకొఱకు కల్తీ చేయుట సులభమైన యూరిలో, కల్తీ చేయ వీలులేని వస్తువును చేసి లాభము పొందవలెనని ఆయన పదేండ్లు ఓపికతో నిరీక్షించెను. చదువురాని కూలివాడు త్రాసు లేకయే, ఒరగల్లు లేకయే, చేతిలో పడిన రాగిబిళ్లను నమ్మగలుగుట ఆయన చేసిన మేలు. మన విద్యార్థులలో కొందఱు రేపు వర్తకులును, కొందఱు గుమాస్తాలును, కొందఱు కర్షకులును కాగలరు. వారి మాటయు వారి లెక్కయు చీకటిలో తడవి చూచినను నిజమని తెలియునట్టి నాణెమువలె నుండవలెనని మా కోరిక.